గరీబు అనే మాట

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు మాకు ఇచ్చిన విషయం చాలా పెద్దది. "సాహిత్యములో, చరిత్రలో, విజ్ఞానములో, సమాజములో వింత, పరాయితనము" అని కాగితం మీద రాసి పంపినారు. ఆ కాగితం చూసి మా ఇంటావిడ, "ఇదంతా చెప్పాలంటే ఒక రోజు చాలదు, అవతల బిర్యానీ చల్లారిపోతుంది జాగ్రత్త" అన్నది. కనుక నాలుగు దిక్కులా తిరగకుండా ఒక్క మాటను పట్టుకొని నడుద్దామని అనుకొన్నాము. ఆ మాట గరీబు.

గరీబు అంటే పేదవాడని మనకందరికీ తెలుసు. ఉర్దూలోనూ అంతే, తెలుగులోనూ అంతే. "మేం గరీబోళ్ళం సామీ" అని కచేరీ ముందు నిలబడి అర్జీ ఇచ్చే రైతు కూడా ఆ అర్థంతోనే అంటాడు. కాని అరబ్బీలో ఈ మాటకు అసలు అర్థం పేదవాడని కాదు. పరాయివాడు, తన ఊరు విడిచి వచ్చినవాడు, అలవాటు లేనిది, వింతైనది అని. అరబ్బు దేశం నుండి పారశీకం మీదుగా ప్రయాణం చేసి మన దాకా వచ్చేలోపల అర్థం మారిపోయింది. మారడంలో ఆశ్చర్యం లేదు. ఊరు విడిచినవానికి పొలముండదు, పూచీ ఉండేవాడుండడు, అప్పు పుట్టదు. పరాయివాడు పేదవాడు కాక ఏమౌతాడు? మన అనంతపురం సీమలో మాత్రం ఆ దారి తిరగబడింది. ఇక్కడ మనిషి ముందు పేదవాడౌతున్నాడు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదను తప్పి. బోరు ఎండుతుంది, ఎద్దులు సంతకు పోతాయి, ఆ తరువాత ఊరు విడిచి పరాయివాడౌతున్నాడు.

ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు అబ్దుల్లా ఇబ్ను ఉమర్ గారి భుజం పట్టుకొని, ఈ లోకములో పరాయివానివలెనో బాటసారివలెనో ఉండమని బోధించినట్లు హదీసులో ఉన్నది. అక్కడి మాట కూడా గరీబే. చిన్నతనంలో ఇది విని, మనలను పేదవారుగా ఉండమన్నారని మేము చాలాకాలం పొరబడినాము. "పేదగా ఉండేదానికి హదీసు ఎందుకు, ఈ జిల్లాలో పుడితే చాలదా" అని మా నాయనను అడిగి చీవాట్లు తిన్నాము కూడా.

13వ శతాబ్దములో కజ్వీనీ అనే పండితుడు సృష్టిలోని వింతలను గూర్చి అరబ్బీలో ఒక పెద్ద గ్రంథం రాసినాడు. ఆ గ్రంథం పేరులోనే అజాయిబ్, గరాయిబ్ అనే రెండు మాటలూ ఉన్నవి. ఈ గరాయిబ్ మన గరీబుకు చుట్టమే. తేనెపట్టును మొదటిసారి చూసినవాడు ఆ ఆరు మూలల గదులను కట్టినదెవరో తెలియక బిత్తరపోతాడట. రోజూ చూసేవానికి ఆ వింత కనపడదు. అంటే వింత అనేది వస్తువులో ఎంత ఉన్నదో చూసే కంటిలోనూ అంత ఉన్నదన్నమాట. ఏడు వందల ఏండ్ల కిందటి మాట, ఇప్పటికీ చెల్లుతుంది.

ఇక మన ప్రాంతానికి వద్దాము. కుళ్ళాయి అనే మాట మీకందరికీ తెలుసు. టోపీ. పారశీకపు కులాహ్ మన నోట కుళ్ళాయి అయినది. 15వ శతాబ్దములో శ్రీనాథ మహాకవి విజయనగరములో ప్రౌఢ దేవరాయల కొలువుకు పోయి, అక్కడి మర్యాద ప్రకారం కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చెనని, పొడుగాటి అంగీ తొడుక్కోవలసి వచ్చెనని, తిండి కూడా సరిపడలేదని వాపోయిన చాటువు ఒకటి ఉన్నది. బడిలో చదివినవారు జ్ఞాపకం చేసుకొందురు గాక. తెలుగు కవికి ఆ కన్నడ రాజధానిలో తన తలమీది టోపీయే పరాయిది.

ఆ దేవరాయల కొలువుకే 1443లో హిరాత్ నుండి షారుఖ్ సుల్తాను రాయబారిగా అబ్దుర్ రజాక్ వచ్చినాడు. అతనికి టోపీ వింత కాదు. అతనికి ఏనుగులు వింత, మహర్నవమి ఉత్సవం వింత, తాంబూలం వింత. తమలపాకును గూర్చి అతడు తీరిగ్గా రాసినాడు. ఒకే కొలువు, ఒకే కాలం. రాజమహేంద్రవరం దిక్కునుండి వచ్చినవానికి ఒకటి వింత, హిరాత్ నుండి వచ్చినవానికి మరొకటి వింత. ఆ రాజు సైన్యంలో ముసల్మానులుండినారు. వారి కొరకు హంపీలో 1439లో కట్టిన మసీదు ఇప్పటికీ నిలిచి ఉన్నది.

సరే, ఆ కుళ్ళాయి ఏమైనది? నార్పల మండలం గూగూడుకు పోండి. మొహర్రంలో అక్కడ లేచే పీరు పేరు కుళ్ళాయప్ప. టోపీ పెట్టుకొన్న అప్ప. చక్కెర చదివింపులు తెచ్చేవారిలో, అగ్నిగుండం ముందు నిలబడేవారిలో ఎక్కువమంది హిందూ సోదరులే. మొక్కుకొని పుట్టిన బిడ్డకు కుళ్ళాయప్ప అనీ, కుళ్ళాయిస్వామి అనీ పేరు పెట్టుకొంటారు. మహాకవి నెత్తిన బరువైన టోపీ మన రైతు ఇంట బిడ్డ పేరై కూర్చున్నది. పీర్ల పండుగను గూర్చి మన ఆలిములలో అభిప్రాయభేదాలున్నవి, అది మాకు తెలియనిది కాదు. ఆ తీర్పు చెప్పేటంత ఇల్ము మాకు లేదు. పరాయి మాట ఇంటిమాట ఎట్లయినదో చూపడానికే ఈ ప్రస్తావన.

అంతెందుకు, రైతు అనే మాటే చూడండి. అదీ అరబ్బీ మాటే. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, అనంతపురంలో కూర్చొని రైత్వారీ పద్ధతికి రూపం తెచ్చినాడు. జమాబందీ, ఫసలీ, తహశీల్దారు, దస్తావేజు, హక్కు, వకీలు. తమ భూమి కాగితంలో ఉన్న మాటలు ఎక్కడివని ఏ రెడ్డిగారూ, ఏ నాయుడుగారూ తడుముకోరు. చింతపండును అరబ్బులు తమర్ హిందీ, అనగా హిందూస్తాన్ ఖర్జూరం అన్నారు. నిజానికి ఆ చెట్టు పుట్టుక ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతున్నారు. హిందూపురం చింతపండు మండీలో కాటా వేసేవాణ్ణి అడగండి, నవ్విపోతాడు.

విజ్ఞానం సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది మన కడుపుకు సంబంధించినది. వేరుశనగ, మన మాటలో చెనిక్కాయ, దక్షిణ అమెరికా పంట. మన తాతల తాతలకు కొర్ర, ఆరిక, జొన్న తెలుసు గాని ఇది తెలియదు. అట్లాంటి పరాయి పంట ఈ ఎర్రనేలలో నాటుకొని, లక్షల ఎకరాలకు పాకి, అనంతపురం అంటే చెనిక్కాయే అన్నట్లు అయినది. వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అని పిలిచే కలుపు మొక్క కూడా అమెరికా ఖండం నుండి వచ్చినదే. 1950ల నడుమ పూనాలో మొదట కంటబడి, తరువాత దేశమంతా అల్లుకొన్నది.

2000వ సంవత్సరం వానకాలంలో మన జిల్లాలో లేత చెనిక్కాయ మొక్కలు ఉన్నపళాన మాడి చచ్చిపోయినవి. చేలకు చేలు. పాతకాలపు మొవ్వుకుళ్ళు తెగులే అనుకొన్నారు మొదట, లక్షణాలు అట్లాగే ఉండినవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు పరీక్షించి చూస్తే అది వేరే. టొబాకో స్ట్రీక్ వైరస్ అనేది. దాదాపు 2,25,000 హెక్టార్లలో, అంటే ఐదున్నర లక్షల ఎకరాలలో దెబ్బ తగిలింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటే అని లెక్కగట్టినారు. ఆ వైరస్ ఎక్కడ దాగి ఉన్నదంటే, గట్లమీది వయ్యారిభామలో. ఆ మొక్కకు ఏ జబ్బూ కనపడదు, పచ్చగా పూస్తుంది. దాని పుప్పొడిని తామర పురుగులు మోసుకొచ్చి చెనిక్కాయ ఆకుమీద వేస్తాయి, ఆకును గీరుతాయి, ఆ గాయంలోనుండి వైరస్ లోపలికి పోతుంది. శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయాలలో ముఖ్యమైనవి రెండు. గట్లమీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయడం, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో వేసి అడ్డుగోడ పెట్టడం. మన తాతల జొన్నే కాపలాకు నిలబడవలసి వచ్చినది, చూసినారా!

ఇది విని ఎవరైనా, "చూసినారా, పరాయిదాన్ని రానిస్తే ఇంతే" అంటారేమో. అటువంటి మాటలు మన కాలంలో చాలా వినబడుతున్నవి. చచ్చినది కూడా పరాయి మొక్కే సుమా! మేము మొక్కల సంగతి మొక్కలకే వదిలిపెడుతున్నాము. మనిషి కలుపు కాదు. మనుషుల లెక్క కావాలంటే మన ఊరి లెక్కే ఉన్నది. స్పెయిన్ దేశపు విన్సెంట్ ఫెర్రర్ గారిని 1968లో మహారాష్ట్ర నుండి పొమ్మన్నారు. 1969లో ఆయన అనంతపురం వచ్చినాడు. 2009లో ఇక్కడే కన్నుమూసినాడు. ఆర్.డి.టి. ఆసుపత్రికి పోయి మందు తెచ్చుకోని కుటుంబం ఈ హాలులో ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు.

అల్ బిరూనీ పేరు కూడా ఇక్కడ చెప్పాలి. 1030 ప్రాంతములో హిందూదేశాన్ని గూర్చి రాస్తూ, వీరు మాకు ఎందుకు పరాయివారుగా తోస్తారో మొదటి అధ్యాయంలోనే ఒక్కొక్క కారణం లెక్కపెట్టినాడు. భాష, మతం, ఆచారం, గర్వం. అయితే పరాయివారిని తక్కువగా చూసే గుణం అన్ని జాతులకూ ఉన్నదేనని ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని ఊరుకోలేదు, సంస్కృతం నేర్చుకొన్నాడు.

ఇప్పుడు మన ముచ్చట. మనలను పరాయివారనే బాధ మనకు కొత్త కాదు. ఖాదర్ మొహియుద్దీన్ గారు 1991లో "పుట్టుమచ్చ" అనే దీర్ఘకవిత రాసినారు. ఈ నేలమీదనే పుట్టి, ఈ నేలవాడినని మాటిమాటికీ రుజువు చూపించవలసిన ముసల్మాను వేదన అది. తెలుగు సాహిత్యంలో మన గోడు మన నోట గట్టిగా వినిపించిన రచనలలో అది ముందు వరుసది. ఆ తరువాత చాలామంది రాసినారు. మన పక్క కడప జిల్లా వేంపల్లె షరీఫ్ "జుమ్మా" కథలు పిల్లల చేత చదివించండి, సులువైన తెలుగు.

మనలను ఎవరైనా రుజువు అడిగితే మనకు నొప్పి. మరి మనం ఎవరిని అడుగుతున్నాము?

పెనుకొండ బాబయ్య దర్గా తెలియనివారు లేరు. 2022లో జిల్లా విడిపోయి పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గాని, మన ఉరుసు బస్సులు ఆగలేదు. బాబా ఫక్రుద్దీన్ గారు సీస్తాన్ నుండి వచ్చినవారని, తిరుచిరాపల్లి నత్తర్ వలీ గారి శిష్యులని చెప్పుకొంటారు. గురువు ఒక మిస్వాక్ పుల్ల ఇచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నారట. పెనుకొండలో చిగురించింది. అంతకంటే పరాయివాడెవరు? ఆయనను తమ పీరుగా గుండెలో పెట్టుకొన్నవారిలో ముందుండేది దూదేకులవారు. దూది ఏకి బ్రతికినవారు. మిల్లులు వచ్చి ఆ విల్లు మూలబడినది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. హిందువుల దృష్టిలో వారు సాయిబులు. మన దృష్టిలో? నిజం చెప్పండి. సర్కారువారు వెనుకబడిన తరగతుల జాబితాలో వారిని బి గ్రూపులో పెట్టినారు, మిగిలిన వెనుకబడిన ముస్లిములకు 2007లో ఇ గ్రూపు పెట్టినారు. సర్కారు గడులు సర్కారువి. ఖబరస్తానులో గడులు ఎవరు గీసినారు?

ఈ మాట చెప్పడానికి మాకు సిగ్గుగా ఉన్నది, అయినా చెబుతాము. కొన్నేండ్ల కిందట, సంఘం రసీదు పుస్తకం మా చేతిలో ఉన్న రోజులు. మే నెల. ఫజర్ నమాజు ముగించి ఇంటికి వస్తే వాకిట్లో ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. పాతికేండ్లుంటాయి, బేల్దారి పని చేసేవాడు.

"సారూ, రాత్రి మా నాయన పోయినాడు. మట్టికి తావు సూపించండి" అన్నాడు.

మేము ఏమనాలి? ఇన్నా లిల్లాహి అనాలి. అన్నాములెండి, నోటితో. వెంటనే, "మీది ఏ జమాత్? ఏ ఊరు? చందా రసీదు ఉందా?" అని అడిగినాము.

"మాది పల్లె సారూ. బోరు ఎండిపోతే మూడేండ్లయింది ఈడికి వచ్చి. రసీదు సంగతి మాకు ఎవురూ సెప్పలా. దూదేకులోళ్ళం."

వాని తెలుగు విని మాలో ఏదో బిగుసుకొన్నది. దాచిపెట్టి లాభం లేదు. కార్యవర్గంలో అడిగి చెబుతామన్నాము. ఒక సభ్యుడు ఊళ్ళో లేడు. ఒకరు, వాళ్ళ పల్లెకే తీసుకపొమ్మనండి అన్నారు. ఇంకొకరు, స్థలం తక్కువగా ఉంది, ఈరోజు ఒకరికిస్తే రేపు పదిమంది అన్నారు. అందులో అబద్ధం లేదు, స్థలం నిజంగానే తక్కువ. ఆ ఎండలో జనాజా అసర్ వరకు వాకిట్లోనే ఉండిపోయింది. పక్క వాకిలి బోయాయన సైకిలు మీద గోనెసంచిలో ఐసుగడ్డలు తెచ్చి చుట్టూ పేర్చినాడు. రెండు సార్లు తెచ్చినాడు. మేము పోయేసరికి ఆ ఐసు కరిగి వీధిలోకి పారుతున్నది. చివరకు అసర్ తరువాత ఒక మూల చోటు చూపించినాము, దఫన్ అయినది. ఆ పిల్లవాడు ఒక్క మాట అనలేదు.

నలభై రోజులైన తరువాత మళ్ళీ మా ఇంటికి వచ్చినాడు. చేతిలో మడత పెట్టిన నోట్లు. "మూడేండ్ల చందా ఎంతయితాదో తీసుకోండి సారూ, వచ్చే ఏటిది గూడా తీసుకోండి" అన్నాడు. తొందరేముంది నాయనా అన్నాము. "ఇంకా మా అమ్మ ఉంది సారూ" అన్నాడు.

రసీదు రాసిచ్చినాము. రాస్తుంటే చెయ్యి ఆడలేదు.

ఈ సభలో కూర్చున్నవారిలో కువైట్‌లో, సౌదీలో ఉండి వచ్చినవారు చాలామంది ఉన్నారు. కదిరి దిక్కునుండి పోయిన ఆడబిడ్డలున్నారు. ఇఖామా లేకపోతే అక్కడ వీధిలో నడవడం ఎట్లుంటుందో మీరే చెప్పగలరు. అరబ్బు ఇంటివాడు మన భాష విని మొహం ఎట్లా పెడతాడో కూడా మీకే తెలుసు. ఆ దేశంలో మీరు గరీబులే, మాట రెండు అర్థాలలోనూ. సెలవుల్లో వచ్చి ఇక్కడ మసీదుకు చందా గొప్పగా రాస్తారు, సంతోషం. ఈసారి వచ్చినప్పుడు మన బేల్దారి గుడిసెల దిక్కు కూడా ఒకసారి పోయి రండి. బుక్కపట్నం, శెట్టూరు, కుందుర్పి, ఏ దిక్కునుండి వచ్చినవారైనా అక్కడ దొరుకుతారు. వారిలో మన సభ్యత్వం ఉన్నవారు ఎంతమందో రిజిస్టరు తీసి మేము లెక్కబెట్టినాము. అంకె ఇక్కడ చదవము, కార్యదర్శిగారి దగ్గర ఉన్నది, అడిగి చూడండి.

మదీనావారిని తలచుకోవడం మనకు అలవాటు. మక్కా నుండి కట్టుబట్టలతో వచ్చినవారిని అన్సారులు ఇంటికొకరిని అన్నదమ్ములుగా పంచుకొన్నారని ప్రతి జుమాలో వింటాము. వారు రసీదు అడిగినట్లు ఎక్కడా రాసి లేదు. ఇంతకంటే ఆ సంగతి పెంచము, వేదికమీద మౌలానాగారున్నారు, వారి పని మేము చేయరాదు.

ఇక కాగితం పని ఒకటి ఉన్నది. మన సభ్యత్వ ఫారములో ఆరవ గడి ఒకటి ఉన్నది చూసినారా? "స్థానికులా, బయటివారా, ఇంటి భాష" అని. ఎవరు పెట్టినారో, ఎందుకు పెట్టినారో పాత మినిట్సులో దొరకలేదు. ఆ గడిని కొట్టివేయాలని, చందా కట్టినా కట్టకున్నా జనాజా వచ్చినప్పుడు ముందు తావు చూపించి తరువాతనే పుస్తకం తెరవాలని, స్థలం చాలకుంటే అర ఎకరా కొనడానికి ఈ ఏటి నుండే వేరుగా నిధి తీయాలని ఒక తీర్మానం ఈ సభ ముందుకు వస్తున్నది. ప్రతిపాదించినవారి సంతకం మాది. బలపరచినవారి సంతకం ఆ బేల్దారి పిల్లవానిది, ఇప్పుడు మేస్త్రీ అయినాడు, వెనుక వరుసలో తల్లిని కూర్చోబెట్టుకొని ఉన్నాడు. జొహర్ నమాజు తరువాత, భోజనాలకు ముందు, చేతులెత్తి ఓటు తీసుకొంటారు. దయచేసి ఎవరూ లేచి పోవద్దు.